గుట్టెక్కిన ఇల్లు

బాంబూఫ్లాట్,
అండమాన్,
6 ఆగస్టు 1978

తమ్ముడు కన్నారావుకి,

నువ్వూ భారతీదేవీ చల్లగా ఉండాలి. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. బాగానే ఉన్నాం అంటే మా నెత్తిమీద రేకులు ఇంకా ఉన్నాయని అర్థం. మే నెలలో వచ్చిన గాలికి పక్కింటి కాళమ్మ పైకప్పు సగం లేచిపోయి సముద్రంలో పడింది. రెండు రేకులు దొరికాయి, మిగతావి ఎటు పోయాయో తెలీదు. అప్పట్నుంచి ఆకాశం కాస్త నల్లబడితే చాలు, బయటికొచ్చి మా రేకులు లెక్కపెట్టుకుంటున్నాను.

అసలు సంగతికి వస్తాను. గోల్ ఘర్‌లో సాంబశివరావు అని ఒక ఇన్సూరెన్సు ఏజెంటు ఉన్నాడు. తెనాలి వైపు మనిషి, వచ్చి ఇరవై ఏళ్లయిందట. చాతం దాకా వచ్చి, ఫెర్రీ ఎక్కి, మా బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఇల్లంతా తిరుగుతాడు. స్తంభాలు తట్టి చూస్తాడు, కింద దూరి బోల్టులు చూస్తాడు. "దీదీ, లకడీ కా ఘర్, పైగా సముద్రం పక్కన. ఆగ్ కా పాలసీ, అదే నిప్పుది, ఒక్కటీ తీసుకుని లాభం లేదు, తూఫాన్ కూడా రాయించుకోండి" అంటాడు. రెండు కాగితాలిచ్చి వెళ్లాడు. ఒకటి చవక, ఒకటి ఖరీదు. రెండూ ఇంగ్లీషే. నా ఎనిమిదో క్లాసు ఇంగ్లీషుకి అందులో 'హౌస్' అన్న మాట ఒక్కటే తగిలింది.

మీ బావ సంగతి తెలుసుగా. "గాలికి సదువొచ్చేటి, కాయితం సూసి ఎనక్కెల్లిపోడానికి?" అన్నాడు. కానీ ఆ ఇల్లంటే ఆయనకి ప్రాణం. చెక్కల మిల్లులో పదేళ్లు పనిచేసి, చెక్కా చెక్కా ఏరి తెచ్చుకుని, తన చేత్తో కట్టుకున్నాడు. అది పోతే ఇంకోటి కట్టే ఓపిక మాకు లేదు.

నువ్వు ఆ ఉద్యోగంలోనే చేరావు కదా. ఆ రెండు కాగితాలకీ కాసులమ్మ చేత నకళ్లు రాయించి దీంతో పంపుతున్నాను. ఏ కాగితం మంచిదో మాకు అర్థమయ్యేట్టు రాయి. నీ ఉత్తరాలు ఆయనకి నేనే చదివి వినిపిస్తాను. మా కాసులమ్మకి తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు, బడిలో అంతా హిందీయే.

నీ అక్క,
అప్పలకొండమ్మ


విశాఖపట్నం,
2 సెప్టెంబరు 1978

అక్కకీ బావకీ నమస్కారాలు.

నీ ఉత్తరం పంతొమ్మిది రోజులకి చేరింది. చదివి కోపమొచ్చింది. సొంత తమ్ముడు ఇదే ఉద్యోగంలో ఉండగా ఎవడో వచ్చి మీ స్తంభాలు తట్టిపోవడం ఏమిటి? నన్ను ఏప్రిల్లో డెవలప్‌మెంటు ఆఫీసరుగా తీసుకున్నారు, రెండేళ్లు పరీక్ష పెట్టి చూస్తారు, 1980 ఏప్రిల్లో పర్మనెంటు చేస్తారు. ఈలోగా పాలసీలు చేయించకపోతే ఇంటికి పంపిస్తారు. అది తెలిసీ నువ్వు సాంబశివరావు కాగితం నాకు చూపిస్తున్నావు.

సరే, చెప్తాను విను. చవకది నిప్పుకీ పిడుగుకీ మాత్రమే. గాలికి ఇల్లు కూలిందనుకో, ఒక్క పైసా రాదు. అదే గాలికి దీపం పడి ఇల్లు అంటుకుంటే వస్తుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, రూలంటే అంతే. ఖరీదుదాంట్లో తుఫాను, వరద, ఉప్పెన కలిపారు. అక్కడితో ఆగకుండా భూకంపం, ఇంట్లో సామాన్లు కూడా కలిపి సొమ్ము పెంచాడు నీ సాంబశివరావు. మీ ఇంట్లో ఉన్న సామానేమిటి అక్కా, ఒక ట్రంకుపెట్టె, ఒక రేడియో! నేను నిప్పూ తుఫానూ వరదా మాత్రం వేయిస్తాను. గవర్నమెంటు చేతికి వచ్చాక కంపెనీలన్నిటికీ రేటు ఒకటే. చెక్క ఇంటికి ఇటుక ఇంటికన్నా ఎక్కువ పడుతుంది, అది ఎవరి దగ్గరైనా తప్పదు.

ఇంకొకటి జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంటి విలువ రాసేటప్పుడు బావకి ఎంతయిందని కాదు, ఇవాళ మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందని రాయాలి. కట్టే సొమ్ము తగ్గుతుంది కదా అని సగం విలువ రాస్తే, నష్టం వచ్చినప్పుడు వాళ్లూ సగమే ఇస్తారు. ఇది చెప్పకుండా పాలసీ అంటగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

గోడలు ఏ చెక్క, కప్పు ఏమిటి, సముద్రానికి ఎంత దూరం, జాగా నంబరు ఎంత, అన్నీ రాసి పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

కన్నారావు


బాంబూఫ్లాట్,
8 అక్టోబరు 1978

ఒరే కన్నా,

అంత కోపమెందుకురా. అడగడం తప్పా? నీ దగ్గరే చేయిస్తున్నాం, చొక్కా చించుకోకు. సాంబశివరావుకి చెప్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు. టీ తాగి, "మీ భయ్యా దగ్గర తీసుకుంటే మంచిదే దీదీ. కాగితం ఎవరిదైనా ఒకటే. కాకపోతే ఇల్లు ఏడాదికోసారి కళ్లతో చూసే మనిషి ఉండాలి, అదొక్కటే నా మాట" అన్నాడు. వెళ్లేటప్పుడు ఆ రెండు కాగితాలూ మడిచి పట్టుకెళ్లిపోయాడు. నాకే ఎలాగో అనిపించింది.

నువ్వడిగినవి రాస్తున్నాను. స్తంభాలు పడాక్ చెక్క, గోడలు గర్జన్ పలకలు, పైన రేకులు. మేకులు తక్కువ, అంతా బోల్టులూ చెక్కమేకులే. మీ బావ అలా ఎందుకు బిగించాడంటే ఆ జాగా మనది కాదు, మిల్లువాళ్లు ఉండనిచ్చింది. ఎప్పుడు లేవమంటే అప్పుడు విప్పుకుని పోవాలి. ఇక్కడ పాతకాపులందరి ఇళ్లూ అంతే. పోటు వచ్చినప్పుడు నీళ్లు మా మెట్టుకి ముప్పై అడుగుల దాకా వస్తాయి. జాగా నంబరు వెనకవైపు రాశాను. మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో మీ బావ రెండు రోజులు వేళ్లు ముడిచి లెక్కవేసి చెప్పాడు, అదీ వెనకే ఉంది. మనియార్డరు రేపటి ఓడకి వస్తుంది.

భారతికి నెల తప్పిందని వేరేవాళ్ల ద్వారా విన్నాను. అక్కకి రాయడానికి నీకు సిగ్గేమిట్రా?

అక్క


విశాఖపట్నం,
10 డిసెంబరు 1978

అక్కా, బావా,

బావ పేరున, గవరయ్య అని రాయించిన పాలసీ ఇందులో పెట్టాను. డిసెంబరు ఒకటి నుంచి ఏడాది పాటు. ట్రంకుపెట్టెలో అడుగున పెట్టు, వాన తగలకుండా.

వెనకాల చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. బోలెడున్నాయి, అన్నీ మీకు అనవసరం. ముఖ్యమైంది ఒకటే చెప్తాను, బావకి గట్టిగా చెప్పు. ఇన్సూరు చేశాం కదా అని ఇంటిని గాలికి వదిలేయకూడదు. నష్టం రాకుండా ఇంటివాడు చేయగలిగిందంతా చేయాలి. చేయలేదని తేలితే కంపెనీ ఎగ్గొడుతుంది. పడేటట్టున్న చెట్లు కొట్టించండి, రేకులకి తాళ్లు వేయించండి, నీళ్లు లోపలికి రాకుండా చూసుకోండి.

మా జోనల్ మేనేజరు అండమాన్ పాలసీ ఎవరిదయ్యా అని అడిగి మరీ భుజం తట్టాడు. ఇంకో పది తీసుకురమ్మన్నాడు. మీ చుట్టుపక్కల వాళ్లకి చెప్పు.

నెల తప్పిన సంగతి రాయలేదని అలిగావు. ఈసారైనా నిలబడితే రాద్దామనుకున్నాను, అంతే.

కన్నారావు


బాంబూఫ్లాట్,
18 మార్చి 1979

కన్నా,

ఐదు నెలలైంది నీకు రాసి. ఎందుకో చెప్తే నమ్మవు. ఇల్లు కట్టుకున్నాం. కొత్తది కాదు, ఉన్నదే!

నువ్వు రాసిన షరతు మీ బావ బుర్రలో పడింది. నేను చదివి వినిపించిన రోజు లేచి వెళ్లి, మెట్టు మీద కూర్చుని పోటు చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు, "ఒడ్డు ప్రతేడూ రెండడుగులు కోసేత్తంది. ఇలాగే ఒగ్గేత్తే రేపు కంపినీవోడు నువ్వేటి సేసినావని అడుగుతాడు. ఏటి సెప్తాం?" అన్నాడు. కిందటేడు సర్కారువాళ్లు గుట్ట మీద మా పేరున జాగా రాసిచ్చారు, అరటిచెట్లు వేసుకున్నాం. ఇంటిని అక్కడికి తీసుకుపోదామన్నాడు.

నాలుగు ఆదివారాలు పట్టింది. మిల్లులో ఆయన జట్టువాళ్లంతా వచ్చారు, తెలుగువాళ్లు, బెంగాలీలు, రాంచీవాళ్లు, నలభైమంది. ప్రతి పలక మీదా సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. విప్పడం ఒక ఆదివారం, మొయ్యడం ఒకటి, బిగించడం రెండు. దుంగలు మోసేటప్పుడు పాడే పాట పాడుకుంటూ మన ఇంటిని గుట్టెక్కించారు. నేనూ కాసులమ్మా కాళమ్మా వండి వడ్డించలేక చచ్చాం. సాంబశివరావు ఫెర్రీ దిగి చూసి, "కంపెనీకి ఖబర్ చేశారా దీదీ?" అని అడిగాడు. మా తమ్ముడికి రాస్తున్నాను అన్నాను.

ఇప్పుడు గుమ్మంలో నిలబడితే హార్బరంతా కనిపిస్తుంది. పోటు నీళ్లు మా కాళ్లకింద ఎక్కడో ఉన్నాయి. మీ ఆఫీసువాళ్లకి చెప్పు. షరతు ప్రకారం ఇంటిని కాపాడుకున్నాడని తెలిస్తే మీ మేనేజరు ఈసారి మీ బావ భుజం తట్టాలి.

అక్క


విశాఖపట్నం,
12 ఏప్రిల్ 1979

అక్కా,

బావ ఇల్లు విప్పి నెత్తిన పెట్టుకుని గుట్టెక్కాడని చదివి పగలబడి నవ్వాను. భారతికి చెప్తే నమ్మలేదు, నీ ఉత్తరం చూపించాల్సి వచ్చింది. ఇల్లు మార్చిన సంగతి ఆఫీసులో చెప్పి పాలసీకి ఒక చీటీ అంటించాలి. పది నిమిషాల పని. చూస్తాలే.

ఆ సాంబశివరావు ఇంకా మీ గుమ్మం ఎందుకు తొక్కుతున్నాడు? నా పాలసీలో తప్పు దొరికితే వచ్చే ఏడాది ఎగరేసుకుపోదామని కాచుకుని కూర్చున్నాడు. నువ్వు వాడికి టీలు పోస్తున్నావు.

ఈ ముక్క నువ్వు మనసులోనే చదువుకో అక్కా. చెట్లు కొట్టించమంటే ఇల్లే పీకి పట్టుకెళ్లిపోయే మనిషితో ఎలా వేగుతున్నావో నాకు తెలీదు. దుంగల మధ్య బతికినవాడికి ఇల్లు కూడా దుంగలాగే కనిపిస్తుంది కాబోలు. ఎనిమిది చదివిన పిల్లని ఒక వేలిముద్రగాడికి కట్టబెట్టి సముద్రం అవతల పారేశాడు నాన్న. నిన్ను తలుచుకుంటే నాకు ఎప్పుడూ జాలే.

భారతికి మే నెలలో. నువ్వు ఎలాగూ రావు, ఓడ దొరకలేదంటావు.

కన్నారావు


బాంబూఫ్లాట్,
25 నవంబరు 1979

కన్నా,

ఇల్లు పోయింది.

పద్నాలుగో తారీకు తెల్లారి మొదలై మధ్యాహ్నం దాకా కొట్టింది. రేడియోలో ముందురోజే చెప్పారు. మీ బావ రేకుల మీద ఓడతాళ్లు వేసి, రాళ్లు కట్టి, చేయాల్సిందంతా చేశాడు. ఏం లాభం? కింద ఉన్నప్పుడు గుట్ట మనకి అడ్డం. పైకి వెళ్లాక గాలికి మనమే అడ్డం. తొమ్మిదింటికి రేకులు పోయాయి, తాళ్లతో సహా. తర్వాత తూర్పు గోడ. మేం ముగ్గురం అరటిచెట్ల మధ్య బోర్లా పడుకున్నాం. కాసులమ్మ మీద నేను, నా మీద ఆయన. ఎగిరొచ్చిన పలక ఆయన కుడిభుజం విరగ్గొట్టింది. ఇంకెప్పుడూ దుంగ ఎత్తకూడదన్నాడు డాక్టరు. మిల్లులో ఇంక ఆయనకి ఏ పని ఇస్తారో తెలీదు.

మేం వదిలొచ్చిన చోట ఏమీ కాలేదు. కాళమ్మ ఇంట్లో ఉట్టి మీద కుండ కూడా కదల్లేదు. ఇప్పుడు వాళ్ల వంటగదిలోనే ఉంటున్నాం. రోజూ ఆ ఖాళీజాగా చూస్తూ అన్నం తింటున్నాడు మీ బావ. నేను అటు తిరిగి కూర్చుంటున్నాను.

పాలసీ నా దగ్గర భద్రంగా ఉంది. ట్రంకుపెట్టె ఒక్కటే మిగిలింది. మనిషిని పంపించు. మాకు అదొక్కటే ఆధారం.

మేలో అబ్బాయి పుట్టాడని కార్డు అందింది, జవాబు రాయడం పడలేదు. వాడికి నా దీవెనలు.

అక్క


విశాఖపట్నం,
16 డిసెంబరు 1979

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. బావ భుజం ఎలా ఉంది? క్లెయిము కాగితాలు పంపించేశాను. నష్టం లెక్కగట్టడానికి కలకత్తా నుంచి సర్వేయరు వస్తాడు, జనవరి మొదట్లో.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను, ఆలస్యం చెయ్యకు. పాలసీలో రాసింది కింది జాగా నంబరు. సర్వేయరు నేరుగా అక్కడికే వస్తాడు. అందుకని కూలిన స్తంభాలూ పలకలూ కొన్ని కిందికి దింపించి పాత చోట పడేయించు. ఇల్లు ఇక్కడే ఉండేది, ఇక్కడే కూలింది అని చెప్పండి. మోయించినవాళ్లే మళ్లీ దింపుతారు, రెండు రోజుల పని. గుట్ట సంగతి ఎవరూ ఎత్తకూడదు. కాళమ్మకి కూడా చెప్పు.

ఎందుకు ఏమిటి అని అడక్కు. నేను చెప్పినట్టు చెయ్యి.

కన్నారావు


బాంబూఫ్లాట్,
20 జనవరి 1980

కన్నారావుకి,

నీ ఉత్తరం పన్నెండో తారీకు వచ్చింది. సర్వేయరు ఎనిమిదినే వచ్చి వెళ్లాడు. ఉత్తరం ముందే అందినా నువ్వు చెప్పింది చేసేవాళ్లం కాదు. విరిగిన భుజం కట్టుకుని మీ బావ తన ఇంటిని దొంగతనంగా గుట్ట దింపాలా? రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా?

సర్వేయరు పెద్దమనిషిలాగే ఉన్నాడు. గొడుగూ సంచీ పట్టుకుని ఫెర్రీ దిగి, కాగితం చూసుకుంటూ పాత జాగాలో నిలబడ్డాడు. అక్కడ కాళమ్మ మేకలు మేస్తున్నాయి. "యహా తో కుఛ్ భీ నహీ హై. ఘర్ కహా గయా?" అన్నాడు. మీ బావ ఉత్సాహంగా గుట్ట వైపు చూపించి, "ఊపర్ లే గయా సాబ్, కంపెనీ కా షర్త్ థా" అన్నాడు. తనకి మెప్పు వస్తుందనుకున్నాడు పాపం. పైకి తీసుకెళ్లి ప్రతి స్తంభం చూపించాడు, సుద్దగుర్తులు కూడా ఇంకా ఉన్నాయని చూపించాడు. సర్వేయరు అంతా రాసుకుని, చివరికి పాలసీ తిరగేసి వెనక వేలు పెట్టాడు. ఇన్సూరు చేసిన సొత్తు రాసిన చోటు నుంచి వేరే చోటికి మారిస్తే, ముందే కంపెనీ ఒప్పుకోలు తీసుకోవాలట. లేకపోతే ఆ రోజుతోనే పాలసీ చచ్చిపోయినట్టట. నువ్వు మాకు రాసిన షరతుకి రెండు గీతల కిందే ఉంది అది. ఒకటి చదివి రెండోది ఎందుకు వదిలేశావు?

నేను నీకు మార్చిలో రాశాను. నువ్వు ఏప్రిల్లో జవాబిచ్చావు. చీటీ అంటించాలి, చూస్తాలే అన్నావు. ఆ ఉత్తరం ట్రంకుపెట్టెలో ఉంది. సాంబశివరావుని అడిగాను. "మీరు చెప్పినట్టు కంపెనీ మనిషి రాసిచ్చిన కాగితం ఉంటే కేసు నిలబడుతుంది దీదీ, పూరా కాకపోయినా ఆధా తో మిలేగా" అన్నాడు. అది చూపిస్తే నీకేమవుతుందో నాకు తెలీదు. అందుకే అడుగుతున్నాను. అందులో మీ బావ గురించి నువ్వు రాసిన ముక్కలు కూడా ఉన్నాయి. ఆ రోజు చదివేటప్పుడు దాటేశాను. ఎప్పుడూ అలాగే దాటేస్తూ వచ్చాను.

నీ జవాబు వచ్చేదాకా ఎవరికీ చూపించను.

అక్క


విశాఖపట్నం,
14 ఫిబ్రవరి 1980

అక్కా,

నీ కాళ్లు పట్టుకుంటున్నాననుకో. ఆ ఉత్తరం చూపించకు.

నేను మర్చిపోయాను. నిజం అదే. భారతి ఒంట్లో బాగోక, టార్గెట్లు పూర్తికాక, ఇవాళ రేపు అనుకుంటూ ఆ చీటీ సంగతి వదిలేశాను. పది నిమిషాల పని చేయనందుకు నిన్ను నడిరోడ్డున పెట్టాను. రోజూ తలుచుకుంటున్నాను.

కానీ విను. ఏప్రిల్లో నా పర్మనెంటు. ఆఫీసులో అడిగారు, నీకు తెలుసా అని. తెలీదన్నాను. నోటితో అంటే సరిపోదు, రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఇప్పుడు నువ్వు ఆ ఉత్తరం చూపిస్తే నేను అబద్ధం రాసిచ్చినట్టు. ఉద్యోగం పోవడమే కాదు, ఇంకెక్కడా దొరకదు. తొమ్మిది నెలల పిల్లాడున్నాడు.

నీకు ఇల్లు పోయింది, నాకు బతుకు పోతుంది. ప్రతినెలా నాకు చేతనైంది పంపిస్తాను, మీ ఇల్లు లేచేదాకా పంపిస్తాను. నాన్న పోయినప్పుడు నువ్వు రాలేదు. ఓడ దొరకలేదంటే అందర్నీ ఎదిరించి నీ పక్షాన నిలబడింది నేను. ఈ ఒక్కసారి నా పక్షాన నిలబడు.

ఆ ఉత్తరం నాకు తిప్పి పంపు. లేకపోతే కాల్చేయి.

నీ తమ్ముడు,
కన్నా


బాంబూఫ్లాట్,
16 మార్చి 1980

కన్నారావుకి,

ఉత్తరం కాలిపోయింది. ఎలా కాలిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నీ జవాబు చదివి రెండు రోజులు ఏడ్చాను. చూపించకూడదనే నిశ్చయించుకున్నాను. ఉద్యోగం కన్నా ఇల్లు ఎక్కువా, పోనీలే, చిన్నవాడు, మర్చిపోయాడు అనుకున్నాను. మీ బావకి ఆ ఉత్తరం ఉందని కూడా చెప్పలేదు. నువ్వు తెలీదని రాసిచ్చానంటే ఒక మాటతో సరిపెట్టి ఉంటావనుకున్నాను.

ఈ నెల తొమ్మిదో తారీకు సర్వేయరు ఆఖరి రిపోర్టు రాసుకోవడానికి మళ్లీ వచ్చాడు. సాంబశివరావుని తోడు తెచ్చుకున్నాడు. కాళమ్మ వంటగదిలోనే కూర్చున్నారు, మాకు వేరే చోటెక్కడుంది? నువ్వు సంతకం పెట్టిన కాగితం తీశాడు. ఇల్లు మార్చిన సంగతి పాలసీదారు కావాలనే దాచాడు అని రాశావట. తెలీదని కాదు, దాచాడని. మీ బావకి అది హిందీలో చెప్పాడు, "ఆప్ నే ఛుపాయా." ఆయన తెల్లబోయాడు. "నానేటి దాసినాను సాబ్? నలభైమందితో, పట్టపగలు, పాట పాడుకుంటా మోసినాను. ఇల్లు దాసడం ఎవుడికి సాద్దెం?" తెలుగులోనే అన్నాడు, సర్వేయరుకి అర్థం కాదని కూడా తోచలేదు. పదిహేడేళ్ల కాపురంలో ఆయన్ని ఎవరూ దొంగ అనగా నేను వినలేదు.

నేను లేచి ట్రంకుపెట్టె తెరిచాను.

నా చేత చదివించడానికి సర్వేయరు ఒప్పుకోలేదు. క్లెయిము మాది, నాకిష్టమైనట్టు చదువుతానట. సాంబశివరావు చేతికిచ్చి హిందీలో చెప్పమన్నాడు. ఆయన ముందు తనలో చదువుకున్నాడు. చీటీ అంటించాలి అన్న ముక్క వరకు పైకి చెప్పి ఆగి నా మొహం చూశాడు. "బస్, ఇంతే సాబ్" అన్నాడు. నువ్వు ఆడిపోసుకున్న మనిషి, నా పరువు కాపాడాలని చూశాడు. సర్వేయరు ఊరుకోలేదు. సగం చదివిన కాగితం సాక్ష్యం కాదు, "పూరా పఢియే" అన్నాడు. అంతా చదివాడు. దుంగల ముక్క, నాన్న పారేసిన ముక్క, నీ జాలి. వేలిముద్రగాడు అన్నదాన్ని 'అంగూఠా ఛాప్' అన్నాడు, గొంతు బాగా తగ్గించి. ఆ మాట మీ బావ జీతాలరోజు మిల్లులో పదిహేనేళ్లుగా వింటున్నాడు. మొదటిసారి తన ఇంటివాళ్ల నోట విన్నాడు.

కాసులమ్మ అక్కడే ఉంది. అన్నీ విన్నది.

మీ బావ ఎడమచెయ్యి చాపి, "ఇలా ఇయ్యి భయ్యా" అన్నాడు. సాంబశివరావు ఇచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, చదవడం వచ్చినవాడిలాగే. కాళమ్మ పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వంగి అందులో పెట్టేశాడు. సర్వేయరు లేచి నిలబడి, "యే ఆప్ కా సబూత్ థా" అని, మాకున్న సాక్ష్యం అదేనని అరిచాడు. "ఇల్లు నా సేత్తో కట్టినాను, నా సేత్తో ఇప్పినాను. ఆడి జాలి సూపించి ముష్టెత్తుకోను" అన్నాడు.

నేను చెయ్యి పెట్టి లాగితే సగమైనా దక్కేది. లాగలేదు. ఎందుకు లాగలేదో ఇప్పటికీ తెలీదు. ఆ క్షణం నాకు ఆయన మీద కూడా ఒళ్లు మండింది. నా కష్టం కూడా అందులో ఉంది, నా పిల్ల నెత్తిమీద కప్పు అది. నన్నొక మాట అడగలేదు. అడిగి ఉంటే వద్దనేదాన్ని. అందుకే అడగలేదేమో.

కాగితం లేనిదే విన్న మాట రిపోర్టులో రాయనని చెప్పి, క్లెయిము ఇవ్వడానికి లేదని రాసుకుని సర్వేయరు వెళ్లిపోయాడు. సాంబశివరావు ఫెర్రీ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, కాసులమ్మ తల నిమిరి వెళ్లాడు. నువ్వు చెప్పినట్టు మా పాలసీ ఎగరేసుకుపోవడానికి కాదు, ఇంక మా దగ్గర పాలసీ రాయడానికి ఇల్లే లేదు.

అందరూ పోయాక మీ బావ నన్ను ఒక్కటే అడిగాడు. "ఇన్నేళ్లూ ఎన్ని ముక్కలు దాటేసినావు?"

నీ ఉత్తరాలే కాదు, నాన్నవీ అలాగే చదివాను. ఆయనకి నచ్చేవి ఉంచి, గుచ్చుకునేవి తీసేసి చదివాను. ఆయన మనసు కాపాడుతున్నాననుకున్నాను. ఇప్పుడు ఆయన నా మాట విన్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగి నా మొహం చూస్తున్నాడు. మార్కెట్లో చేప ధర చెప్పినా అలాగే చూస్తున్నాడు. ఇల్లు గాలికి పోయింది, అది ఎవరి తప్పూ కాదు. ఈ చూపు మాత్రం నువ్వూ నేనూ కలిసి తెచ్చిపెట్టుకున్నాం.

నీ ఉద్యోగానికి ఇంక ఏ భయమూ లేదు. అబద్ధమని చూపించే కాగితం లోకంలో లేదు. ఏప్రిల్లో పర్మనెంటు అవుతావు. డబ్బు పంపకు, వచ్చిన మనియార్డరు వచ్చినట్టే తిప్పి పంపుతాడు ఆయన.

రాయాలనిపిస్తే రాయి. వద్దనను. కానీ నీ ఉత్తరం ఏదొచ్చినా ఇకమీదట ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపిస్తాను. అది తెలుసుకుని కలం పట్టుకో.

గవరయ్య భార్య,
అప్పలకొండమ్మ